సాలు తప్పు, చాలు ఒప్పు

మా అమ్మ లెక్కల్లో గట్టెక్కింది. సైన్సులో గట్టెక్కింది. సోషల్లో అయితే నేను పదో తరగతిలో తెచ్చుకున్నవాటికంటే నాలుగు మార్కులు ఎక్కువే తెచ్చుకుంది. తప్పింది ఒక్క తెలుగులో.

నలభై దాటాక ఓపెన్ స్కూల్లో పది రాసిన మనిషి తెలుగులో తప్పిందంటే ఊరు ఊరుకుంటుందా? రామతీర్థం కొండ కనిపించేంత దూరంలో ఉంటుంది మా ఊరు. ఒకరింట్లో పోపు పెడితే పక్క వీధిలో తుమ్మేంత చిన్నది. కుళాయి దగ్గర నవ్వారు, రేషను వరుసలో నవ్వారు. మా నాన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "తెలుగులో తప్పడమేటే? మరి ఇన్నాళ్ళూ నువ్వు మాటాడింది ఏటి, ఒడియావా?" అన్నాడు. నాన్నది వెటకారమే కానీ అందులో విషం ఉండదు. అయినా అమ్మ ఆ పూట ఆయనకి అన్నం పెట్టేసి, తను తినకుండా వెళ్ళి పెరట్లో కూర్చుంది.

నవ్వులాటకి తీసుకునే సంగతి కాదది. అమ్మ మా ఊరి అంగన్‌వాడీలో ఆయా. పన్నెండేళ్ళుగా పొద్దున్నే వెళ్ళి తాళం తీసి, గది ఊడ్చి, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగేసుకొచ్చి, గుడ్లు ఉడకబెట్టి, ముక్కులు తుడిచి, పాటలు కూడా తనే నేర్పేది. టీచరమ్మ పదింటికి వచ్చి రిజిస్టరు రాసుకునేది. ఆ టీచరమ్మ జనవరిలో దిగిపోతోంది. పది పాసైన ఆయా ఉంటే ఆ ఉద్యోగం ముందు ఆమెకేనని సూపర్‌వైజరమ్మ నోటితో చెప్పింది. అక్టోబరు పరీక్షలో తెలుగు గట్టెక్కితే అమ్మ టీచరవుతుంది. లేకపోతే ఎవరో కొత్త పిల్ల వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది, ఇంకో పాతికేళ్ళు లేవదు. ఇంతే లెక్క. ఇందులో రెండో మాట లేదు.

రాష్ట్రం విడిపోయి రెండేళ్ళయింది అప్పటికి. నేను విజయనగరంలో డిగ్రీ మొదటి ఏడు. రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. మూడింటికి అంగన్‌వాడీ మూసి అమ్మ ఇంటికొచ్చేది, మూడున్నరకి నేను. పశువులకి కుడితి పెట్టే వేళ దాకా మాకు రెండు గంటలు దొరికేవి. అమ్మకి తెలుగు నేర్పే బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను. ఎవరూ అడగలేదు. నాకా రోజుల్లో నాకంటే తెలివైనవాళ్ళు జిల్లాలో లేరన్నంత పొగరు ఉండేది.

మొదటిరోజు అరుగు మీద కూర్చోబెట్టి, ఏదైనా ఒక జవాబు రాసి చూపించమన్నాను. పాఠంలో ఒక కుర్రాడు చేపలు చూడడానికి చెరువుకి వెళ్తాడు. అమ్మ నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం చెక్కినట్టు రాసింది. 'ఆడు సెరువు కాడికి ఎల్లి సేపలు సూసినాడు. ఆల నాయినకి సెప్పినాడు.' అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తప్పెక్కడుందో నాకప్పుడు తెలిసింది. అమ్మ మాట్లాడినట్టే రాస్తోంది. పేపరు దిద్దేవాళ్ళు ఎక్కడివాళ్ళో, వరస పెట్టి కొట్టేసి ఉంటారు.

నిజం చెప్పాలంటే నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. దానికో కారణం ఉంది. నేను ఇంటర్ విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదివాను. చేరిన మొదటి వారంలో ఎవరో పిలిస్తే "ఏటి?" అన్నాను. అంతే. ఆ తర్వాత నెల రోజులు గదిలో పిల్లలు నన్ను ఏటి అనే పిలిచారు. రాత్రుళ్ళు దుప్పటి కప్పుకుని ఏమిటి, చెప్పు, చూడు, చేశాను అని గొణుక్కుంటూ నా నాలుకని నేనే తోముకున్నాను. అంత కష్టపడి వదిలించుకున్నదంతా అమ్మ నోట్సులో ముత్యాల్లా కనిపించేసరికి ఎవరో నా గుట్టు బయటపెట్టినట్టు అనిపించింది.

మర్నాడు విజయనగరంలో ఎర్ర పెన్ను కొన్నాను. అమ్మ రాసిన ప్రతి 'స' మీదా గీత గీసి పైన 'చ' రాశాను. పేజీ మొత్తం ఎర్రబడిపోయింది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నాది ఏటి మిగిలిందే?" అంది. మిగలకూడదనే కదా దిద్దేది అన్నాను.

అంతటితో ఆగలేదు. ఒక పెద్ద తెల్లకాగితం మీద రెండు వరసలు రాసి, వంటింట్లో పొయ్యిగట్టు పైన గోడకి అన్నం మెతుకులతో అంటించాను. ఒకవైపు తప్పు, ఇంకోవైపు ఒప్పు. అమ్మ మాకు వడ్డించేటప్పుడల్లా "సాలా? సాలా?" అని అడిగేది. కాబట్టి అన్నిటికంటే పైన పెద్దక్షరాలతో అదే రాశాను. సాలు తప్పు, చాలు ఒప్పు. దాని కింద సీర, చీర. సేను, చేను. సింత, చింత. అమ్మ చింతపండు పిసుకుతూ గోడకేసి చూసి పెదాలు కదిపేది. నాన్న అన్నానికి కూర్చుని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలమ్మా చాలు, గోడ మీద రాసున్నాది" అని ఏడిపించేవాడు.

రెండు వారాలయ్యేసరికి కొత్త పీడ పట్టుకుంది. అమ్మ భయంతో 'స' అనే అక్షరాన్నే వదిలేసింది. ఎక్కడ 'స' కనిపించినా అది తప్పేనని తీర్మానించుకుంది. ఒకరోజు ఇలా రాసి ఇచ్చింది: 'చాయంత్రం చంత నుంచి వచ్చి చారుగారు చంతోషంగా చముద్రం చూశారు.' ఆ సారుగారు చారుగారయ్యేసరికి నేను ఆపుకోలేకపోయాను. అరుగు మీద పడి దొర్లి నవ్వాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, తల ఎత్తి చూస్తే అమ్మ నవ్వడం లేదు. పెన్ను మూత పెట్టి పుస్తకం మీద నిలువుగా ఉంచి, దానివైపు చూస్తోంది.

"మరేటి సెయ్యాలే? నువ్వే కదా సెప్పినావు," అంది.

ఆరోజు అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నేను ఆపలేదు. ఏ మాటకి చ, ఏ మాటకి స అనేది చదవగా చదవగా వస్తుందని, అప్పటిదాకా తన చెవిని నమ్మొద్దని, నోటికొచ్చింది అసలు రాయొద్దని చెప్పాను. ఏ చిన్న అనుమానం వచ్చినా నన్నడగమన్నాను. అమ్మ సరేనంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అమ్మ గుర్తుపెట్టుకుంది.

పరీక్షలో ఉపవాచకం కింద రెండు నవలలు ఉండేవి. కుదించి, రెంటినీ కలిపి ఒకే పుస్తకంగా ఇచ్చారు. పెద్ద వ్యాసం వాటిలోంచే వస్తుంది. అది రాయకపోతే మిగతాది ఎంత రాసినా పాసవడం కష్టం. మొదటి నవల పట్నంలో ఒక గుమాస్తా కథ. వాడు వంద పేజీల పొడుగునా దిగులుపడుతూ ఉంటాడు. అమ్మకి వాడి మీద గౌరవం కుదరలేదు. "ఈడికి పనీపాటా లేదేటే? ఇంటికాడ నీళ్ళు మోసేదెవురు?" అని ప్రతి అధ్యాయంలోనూ అడిగేది. ఆ ప్రశ్న పరీక్షలో రాదని నేను విసుక్కునేదాన్ని.

రెండో నవల రైతు కథ. ముసలాయన, ఇద్దరు కొడుకులు. దుక్కి రోజున అన్నదమ్ములు మాటా మాటా అనుకుంటారు. చిన్నవాడు రోషంతో నాగలి మధ్యలో వదిలేసి, ఎడ్లని అలాగే నిలబెట్టి ఊరొదిలి పోతాడు. తండ్రి మంచం పడతాడు. ఈ నవల అమ్మ చదవడం చూడాలి. వేలు పెట్టి చదివేది, చదువుతూ మధ్యలో ఆగి, ఎడ్లని ఎండలో నిలబెట్టి పోయినందుకు చిన్నవాణ్ణి నిజంగా తిట్టేది. అమ్మ పుట్టిల్లు కళింగపట్నం దగ్గర, వంశధార ఒడ్డు పొలాల్లో. మా తాతయ్యకి కొడుకులు లేరు. నాగలి కట్టినప్పుడు అమ్మనే వెంట తీసుకెళ్ళేవాడట. ఆ సంగతులు చెప్పబోతే నేను చెవిన వేసుకునేదాన్ని కాదు. టైం లేదమ్మా, పేజీ తిప్పు అనేదాన్ని.

పరీక్ష నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం తండ్రి చనిపోయే చోటికి వచ్చాం. చిన్నకొడుకు తిరిగొచ్చి మంచం పక్కన నిలబడతాడు. మూడు రోజులుగా మాట లేని ముసలాయన కళ్ళు తెరిచి, వాడికేసి చూసి, ఒకే ఒక్క మాట అని కన్నుమూస్తాడు. అమ్మ దాన్ని గట్టిగా చదివింది. 'సాలు.'

చదివి ఆగిపోయింది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. నెలన్నరగా సా కనబడితే గీసెయ్యడమే పని కదా. పుస్తకం లాక్కుని, అచ్చులో ఉన్న ఆ మాట మీద గీత గీసి, పైన 'చాలు' అని రాశాను. పుస్తకం వేసినవాళ్ళు కూడా మనలాంటివాళ్ళే అన్నమాట అని ఒక జోకు కూడా వేశాను.

"అది కాదే," అంది అమ్మ. "సాలంటే..."

"చాలంటే చాలు. గోడ మీద చూడు, మొదటిదే అది. పరీక్షలో కూడా ఇలాగే సాలూ గీలూ అని రాసి మళ్ళీ తప్పితే ఊరంతా నవ్వుతారు."

అమ్మ పెన్ను మూత తీసింది. నేను వెంటనే జవాబు చెప్పి రాయించాను. తండ్రి కొడుకుల కొట్లాటతో విసిగిపోయాడు, బతుకు చాలనుకున్నాడు, ఆ ఒక్క మాటలో ఆయన వైరాగ్యమంతా ఉంది. వైరాగ్యం అనే మాట మీద నాకు మహా మోజు. అమ్మ నోటికది తిరగలేదు. పది సార్లు పలికించి, ఇరవై సార్లు రాయించాను. ఇంకా పదకొండు పేజీల చివరి అధ్యాయం ఉంది. నేను తిరగేశాను. తిరగేశాను అంటున్నాను, చదవలేదు. దుక్కి, ఎడ్లు, నాగలి అని కనిపించింది. ఇందులో ఏమీ లేదు, ప్రశ్న రాదు, వదిలెయ్యమన్నాను. అమ్మ వదిలేసింది.

పరీక్ష రోజు ఇద్దరం కలిసి విజయనగరం వెళ్ళాం. సెంటరు ఒక పాత హైస్కూలు. గేటు దగ్గర అమ్మలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. హోంగార్డులు, ఆయాలు, చంకలో పిల్లతో ఒకావిడ. అమ్మ హాల్‌టికెట్టు కొంగులో ముడేసుకుని, రెండు పెన్నులు, ఒక స్కేలు పట్టుకుంది. అరచేతులు చెమట పట్టి పెన్నులు జారుతుంటే చీరకి తుడుచుకుంటోంది. లోపలికి వెళ్ళే ముందు వైరాగ్యం, వైరాగ్యం అని రెండుసార్లు అనుకుంది. గంట కొట్టారు. గేటు వేశారు.

బయట కల్వర్టు గట్టు మీద కూర్చున్నాను. మూడు గంటలు చెయ్యడానికేమీ లేదు. ఫోనులో చార్జింగు లేదు. చేతిలో అమ్మ పుస్తకం ఉంది. ఊరికే తెరిచి, నేను తిరగేసిన ఆ చివరి అధ్యాయం చదవడం మొదలుపెట్టాను.

నాలుగో పేజీలో ఆగి, వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను.

తండ్రి పోయాక చిన్నకొడుకు దినాల పదకొండు రోజులూ ఆ ఒక్క మాట గురించే ఆలోచిస్తాడు. నాన్న ఏమన్నాడు, ఎందుకన్నాడు. పన్నెండో రోజు తెల్లవారుజామున లేచి ఎడ్లని తోలుకుని పొలానికి వెళ్తాడు. అక్కడ తను వదిలేసి పోయిన నాగటి సాలు, మట్టిలో నాగలి చీల్చిన గీత, సగంలో ఆగిపోయి అలాగే ఉంటుంది. వాడు సరిగ్గా అక్కడే నాగలి దింపి, ఆ సాలు గట్టుదాకా తీసుకెళ్ళి పూర్తిచేస్తాడు. నవల అక్కడ అయిపోతుంది. ముసలాయన చివరిగా అడిగింది అది. సగంలో వదిలేసిన సాలు. ఆయన ఏదీ చాలనలేదు. వైరాగ్యం లేదు, నా బొంద లేదు.

అది కాదే, సాలంటే... అని అమ్మ ఎందుకు ఆగిందో, ఎందుకు కళ్ళొత్తుకుందో అప్పుడు తెలిసింది. సాలంటే ఏమిటో అమ్మకి నాగలి వెనక నడిచిన కాళ్ళతో తెలుసు. పొలం గట్టు తొక్కితే చెప్పులకి బురదవుతుందనుకునే నాకు తెలియదు.

ఆ ప్రశ్న రాకపోవచ్చులే అనుకున్నాను. గుమాస్తా మీద వస్తుందిలే అనుకున్నాను. జన్మలో మొదటిసారి ఆ గుమాస్తా కోసం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అంతలో గోడ పక్కన కలకలం. ఎవరో కిటికీలోంచి ప్రశ్నలు బయటికి చేరవేశారు. ఒకాయన గోడకానుకుని గైడు పేజీలు చింపుతూ పైకి చదువుతున్నాడు. వ్యాసం రైతు నవల మీదే. తండ్రి చివరి మాటను చిన్నకొడుకు ఎలా అర్థం చేసుకున్నాడో రాయాలి.



చీటీలు లోపలికి వెళ్తున్నాయి. అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆ గైడు పేజీలాయన నా మొహం చూసి, "ఎవురికమ్మా? గది సెప్పు, నీళ్ళు మోసేవోడు మనోడే," అన్నాడు.

నేను చెయ్యననుకున్నాను. మా అమ్మ పది ఎలాగైనా పాసవ్వాలనుకుంటే మిగతా సబ్జెక్టులన్నీ చీటీలతోనే రాసేది, ఒక్కటీ అలా రాయలేదు. కానీ అమ్మ లోపల ఈ నిమిషాన వైరాగ్యం అని రాస్తూ ఉంటుంది. అది నేను పెట్టిన మన్ను. బస్సు టికెట్టు వెనక రాశాను. 'అమ్మా, నాగటి సాలే. నీదే రైటు.' మడిచి ఆయన చేతిలో పెట్టి గది నంబరు చెప్పాను.

ఆయన రెండడుగులు వేశాడో లేదో, రోడ్డు మలుపులో జీపు హారను వినిపించింది. స్క్వాడు వచ్చిందని ఎవరో అరిచారు. గోడ దగ్గరున్న జనం చెల్లాచెదురయ్యారు. నా కళ్ళ ముందు ఒకటే కనబడింది. అమ్మ బల్ల మీద ఆ టికెట్టు, పక్కన స్క్వాడు మనిషి, అమ్మ పేపరు లాక్కోవడం. పట్టుబడితే తెలుగు ఒక్కటే పోదు, మళ్ళీ పరీక్ష రాయనివ్వరు, అంగన్‌వాడీ దాకా కబురెళ్తుంది, ఇప్పుడున్న ఆయా పని కూడా ఉండదు. నేను ఆయన వెనకాల పరిగెత్తాను. చెప్పు తెగింది. వదిలేసి పరిగెత్తాను. పెరటి గేటు దగ్గర ఆయన చొక్కా పట్టుకుని, నా చీటీ ఇచ్చెయ్, నా చీటీ ఇచ్చెయ్ అని ఏడ్చాను.

ఆయన గుప్పిట విప్పాడు. టికెట్టు ఇంకా అక్కడే ఉంది. "ఒక్క మాటకి ఇంత గోలేటమ్మా," అని నా చేతిలో పడేసి ఎటో వెళ్ళిపోయాడు.

దాన్ని నోట్లో వేసుకుని నమిలి మింగాను. ఆ తర్వాత గంటన్నర సేపు ఒంటి చెప్పుతో ఆ కల్వర్టు మీద కూర్చున్నాను. పరీక్షలు నేనూ చాలా రాశాను. ఏ పరీక్షా అంత పొడుగ్గా సాగలేదు.

గంట కొట్టాక అమ్మ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. దూరం నుంచే చెయ్యూపింది. తెల్లకాగితాలు అదనంగా రెండు తీసుకున్నానని, సారుగారు సారే, చారు చారే, ఎక్కడా తడబడలేదని గబగబా చెప్పింది. నా ఒంటి చెప్పు చూసి ఏమైందని అడిగితే తెగిందన్నాను. తన చెప్పులు విప్పి నాకిచ్చి, తను వట్టి కాళ్ళతో బస్టాండు దాకా నడిచింది. వద్దంటే వినలేదు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నెల్లిమర్ల దాటింది. అడగకపోతే బాగుండునని ఒకవైపు, అడిగితే తప్ప ఊపిరాడదని ఒకవైపు. చివరికి ఆ ముసలాయన మాటకి ఏం రాశావని అడిగాను.

అమ్మ కొంగు ముడిలో హాల్‌టికెట్టు సరిచేసుకుంది.

"ముందు సాలనే రాసినాను," అంది. "నాగటి సాలని. మా నాయన నన్ను నాగలెనకాల నడిపించి, సాలు వంకరపోకూడదు పాపా, సగంలో ఇడిసెయ్యకూడదు అనీవోడు కదా, అదంతా ఒక పేజీ రాసేసినాను. సేతికి ఆగకుండా వచ్చేసినాది. రాసినాక నీ గోడ కాయితం గుర్తొచ్చింది. సాలు తప్పు కదా. బుక్కులో కూడా నువ్వు ఎర్రగా కొట్టినావు కదా. స్కేలు పెట్టి ఆ పేజీ అంతా కొట్టేసినాను. కింద నువ్వు సెప్పిందే రాసినాను, వైరాగ్యం తప్పులేకుండా."

"ఎందుకు కొట్టేశావమ్మా?"

"నా నోటికొచ్చింది ఎప్పుడు రైటయింది గనక?"

నవంబరులో ఫలితాలొచ్చాయి. రెండు మార్కులు తక్కువ. జనవరిలో పక్క ఊరి పిల్ల టీచరుగా వచ్చింది. అమ్మ ఆ పై ఏడు తనంతట తనే చదివి తెలుగు పాసైంది కానీ అప్పటికి ఆ పాసు దేనికీ అక్కరకు రాలేదు. ఆ మధ్య నిఘంటువు తీసి చూశాను. చాలు అన్నా నాగటి గీతేనట. సాలు అన్నా అదేనట. ఎలా రాసినా ఆ కొట్టేసిన పేజీ ఒప్పే. అమ్మ ఇప్పటికీ ఆ గదికి పొద్దున్నే తాళం తీస్తుంది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆరోజు బస్సులో నాకు ఇవేవీ తెలియవు. ఒక్కటే తెలుసు. అమ్మ మొహం చూడలేక కిటికీలోంచి కోతకి రాని వరిచేలు చూస్తూ, ఆ చీటీ మీద రాసి మింగేసిన మాట బయటికి చెప్పాను. ముసలాయన నాగటి సాలు గురించే అన్నాడని, చివరి అధ్యాయం నేను చదవకుండానే ఏమీ లేదన్నానని, తప్పు నాదేనని, తను కొట్టేసిందే రైటని.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆ రెంటికీ సిద్ధపడే ఉన్నాను. అమ్మ సీటులో నా వైపు పూర్తిగా తిరిగింది. పరీక్ష, పోస్టు, మార్కులు, అవేవీ ఆ మొహంలో లేవు.

"నాదే రైటా?" అంది.

తలూపాను.

"నోటితో సెప్పే."

"నీదే రైటమ్మా."

అమ్మ సీటుకి చేరబడి, నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, "మళ్ళీ సెప్పు," అంది.